ఆ వీధి ఎవరి పేరున ఉంది?

అమెరికా నల్లజాతి దర్శకుల నగర చిత్రాల గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ తుపాకులు, మాదకద్రవ్యాలు, పోలీసుల దౌర్జన్యం దగ్గరే ఆగిపోతుంది. అవన్నీ ఆ సినిమాల్లో ఉన్న మాట నిజమే. అయితే వాటిలో గొప్పవాటిని లోపలి నుంచి నడిపించేది స్థిరాస్తి తగాదా: ఇల్లు ఎవరిది, కొట్టు ఎవరిది, అద్దె ఎవరి చేతికి పోతోంది.

స్పైక్ లీ 1989లో తీసిన ‘డూ ద రైట్ థింగ్’ బ్రూక్లిన్‌లోని ఒక్క వీధిలో, ఎండ మండిపోతున్న ఒక్క రోజున జరిగే కథ. రోజూ డబ్బిచ్చి తినేది మేమైతే గోడ మీద మావాళ్ల ఫొటో ఒక్కటీ ఎందుకు లేదని ఒక నల్లజాతి కుర్రవాడు పిజ్జా దుకాణంలో నిలదీస్తాడు. నీకంటూ కొట్టుంటే నీ ఇష్టమొచ్చినవాళ్లను పెట్టుకో అంటాడు ఇటాలియన్ మూలాలున్న యజమాని. సినిమా మొత్తం ఆ జవాబులోనే ఉంది. ఎర్ర గోడకు ఆనుకుని పొద్దుపుచ్చే ముగ్గురు పెద్దమనుషులు కూడా, మూతబడి ఉన్న గదిలో నిన్నగాక మొన్న వచ్చిన కొరియా దంపతులు కిరాణా పెట్టారే, ఇన్నేళ్లుగా ఉన్న మనం ఎందుకు పెట్టలేకపోయామని వాదించుకుంటారు. రాత్రి పోలీసులు రేడియో రహీమ్ అనే పేట కుర్రవాడి గొంతు నొక్కి చంపాక జనం కోపం పిజ్జా దుకాణం మీదికే మళ్లుతుంది. ఈ సినిమా అల్లర్లు రేపుతుందని అప్పట్లో కొందరు విమర్శకులు భయపడ్డారు, అలాంటిదేమీ జరగలేదు. కాలిన దుకాణానికి దక్కిన జాలి చచ్చిన కుర్రవాడికి దక్కలేదని లీ వాళ్లను ఎత్తిపొడిచారు, సరిగ్గానే.

జాన్ సింగిల్టన్ ‘బాయ్జ్ ఎన్ ద హుడ్’ (1991)లో కథానాయకుడి తండ్రి, ‘మీ ఇల్లు నగదుకు కొంటాం’ అన్న హోర్డింగ్ కింద కుర్రవాళ్లను నిలబెట్టి, పేట ధర పడగొట్టి, చవగ్గా కొని, ఉన్నవాళ్లను సాగనంపి, లాభానికి అమ్ముకునే పద్ధతిని విడమరిచి చెబుతాడు. 1930లలో ప్రభుత్వ పటాలు నల్లవాళ్ల పేటలకు ఎర్ర రంగు పూసి గృహరుణాలకు దూరం చేసిన చరిత్ర తెలిసినవారికి ఆ ఉపన్యాసం సాగతీతగా అనిపించదు.

ఈ చిత్రాలు పేటను నేరంతో ముడిపెట్టి తెల్ల ప్రేక్షకుడి భయాన్నే సొమ్ము చేసుకున్నాయన్న విమర్శ ఉంది. స్టూడియోలు గల్లా నింపుకోవడానికి తీయించిన వాటికి అది వర్తిస్తుంది. చార్లెస్ బర్నెట్ పదివేల డాలర్లలోపు ఖర్చుతో తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’కు మాత్రం వర్తించదు. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో ఉండే కబేళా కూలీ ఒక పాత కారు ఇంజన్ కొని, స్నేహితుడితో కలిసి ఆపసోపాలు పడుతూ మెట్ల మీదుగా దించి బండికెక్కిస్తే, బండి కదలగానే అది కిందపడి పగిలిపోతుంది. పేదరికాన్ని ఇంతకన్నా సూటిగా చూపిన దృశ్యం నేను చూడలేదు.

నా అసలు పేచీ అమెరికాలోని మనవాళ్లతో. నల్లవాళ్ల ఆగ్రహం అల్లర్లుగా పెల్లుబికి వాట్స్ తగలబడింది 1965 ఆగస్టులో. మన డాక్టర్లకు, ఇంజనీర్లకు అమెరికా తలుపు తెరిచిన వలస చట్టం వచ్చింది అదే ఏడాది అక్టోబరులో. నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం జాతి వివక్షను దేశానికి తలవంపుగా మార్చి ఉండకపోతే ఆ తలుపు అప్పుడు తెరుచుకునేది కాదు. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు వెతికే తెలుగు కుటుంబం మొదట అడిగేది స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ఇల్లు ఏ బడుల పరిధిలోకి వస్తుందో అది, ఎలాంటిదని. ఇళ్ల విలువను బట్టి వచ్చే పన్నుతో బడులు నడిచే దేశంలో ఆ ప్రశ్న వెనుక పాత ఎర్ర పటాల నీడ ఉందని తెలియకుండానే, ‘అటువైపు మంచి ఏరియా కాదండీ’ అని కొత్తగా వచ్చినవారికి సలహా ఇస్తాం.

లీ సినిమాలో పిజ్జా దుకాణం తగలబడుతుండగా గుంపు కొరియా కొట్టువైపు తిరుగుతుంది. చీపురు ఝళిపిస్తూ యజమాని, తాను తెల్లవాణ్ని కానని, తానూ నల్లవాణ్నేనని అరుస్తాడు. జనం నవ్వి వదిలేస్తారు. ఆ గల్లాపెట్టె వెనుక మనవాడుంటే ఆ మాట నోటికొస్తుందా, వచ్చినా ఆ వీధి నమ్ముతుందా?