అన్ని లోహాలకూ ఒకే కిరోసిన్ డబ్బా కుదరదు

ఫార్మా ప్లాంట్లలో పనిచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సేఫ్టీ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: రియాక్టివ్ మెటల్ (సోడియం, లిథియంలా గాలితో, తేమతో ఇట్టే చర్య జరిపే లోహం) ఏదైనా కిరోసిన్‌లో ముంచి మూత బిగిస్తే ఎన్నేళ్లైనా భద్రమే. అంటుకుంటే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ కొట్టాలి, లేదా ఎర్ర బకెట్‌లోని ఇసుక పోయాలి. గాలి తగలకుండా లోహం చుట్టూ నైట్రోజన్ పెడితే ఇక భయం లేదు. మిగిలిన ముక్కల్ని కొంచెం కొంచెంగా నీళ్లలో వేసి పారబోయాలి.

కిరోసిన్ సంగతి. సోడియం వరకు ఆ మాట నిజమే. అది కిరోసిన్ కన్నా బరువు, అడుగున మునిగే ఉంటుంది. లిథియం తేలిక కాబట్టి పైకి తేలి గాలికి తగులుతుంది. పొటాషియంతో ఇంకా చిక్కు. నూనెలో ఉన్నా కాలం గడిచేకొద్దీ దాని మీద పసుపు రంగు పొర కడుతుంది. అది సూపరాక్సైడ్, అంటే ఆక్సిజన్ ఎక్కువగా పట్టిన పదార్థం. పాత ముక్కే కదా అని కత్తితో పైపొర గీకితే, ఆ పొర లోపలి లోహంతోనూ నూనెతోనూ కలిసి పేలవచ్చు. డబ్బా తెరిచిన తేదీ లేబుల్ మీద రాయమనేది అందుకే. గ్రిన్యార్డ్ అనే రసాయన చర్యకు వాడే మెగ్నీషియం టర్నింగ్స్‌కైతే (సన్నని చెక్కుముక్కలకు) కిరోసిన్‌తో పనే లేదు, తేమ చొరబడని డ్రమ్ము చాలు.

ఇక రానీ నికెల్‌ను (చర్యను వేగవంతం చేయడానికి వాడే మెత్తటి నికెల్ పొడిని) ఉంచాల్సిందే నీళ్లలో! హైడ్రోజనేషన్ (హైడ్రోజన్ కలిపే చర్య) అయ్యాక, దాన్ని వడకట్టే స్పార్క్లర్ ఫిల్టర్ విప్పితే ప్లేట్ల మీద మిగిలిన నల్లటి వెట్ కేక్ (తడి ముద్ద) చూడటానికి ఉత్త బురదలా ఉంటుంది. ప్లేటు అంచునో, ఫిల్టర్ క్లాత్ మడతలోనో అంటుకున్న కాస్త ఆరిందంటే దానంతటదే ఎర్రబడుతుంది. పక్కనే ఇట్టే మండే మిథనాల్ ఆవిరి ఉంటే ఇక చెప్పాలా? ఆ కేక్‌ను, క్లాత్‌ను చివరిదాకా నీళ్లతో తడుపుతూనే ఉండాలి.

సీఓటూ కొట్టమనడం ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా. మండే మెగ్నీషియం సీఓటూలోని ఆక్సిజన్‌నే లాక్కుని మండుతుంది, నల్లటి కార్బన్ మిగులుస్తుంది. పైగా ఆ గ్యాస్ వేగానికి కరిగిన లోహం చెదిరి మనుషుల మీద పడుతుంది. "డీసీపీ (డ్రై కెమికల్ పౌడర్) సిలిండర్ ఉందిగా, అదీ పౌడరే" అనేవాళ్లూ ఉన్నారు. మామూలు డీసీపీ లోహం మంటలకు పనికిరాదు. సిలిండర్ మీద డి క్లాస్ (లోహం మంటలకు) అని ఉందో లేదో చూసుకోవాలి. సోడియం, మెగ్నీషియంలకు ఉప్పు ఆధారిత పౌడర్, లిథియంకు గ్రాఫైట్ లేదా రాగి పొడి వాడతారు. దాన్ని జోరుగా ఊదకుండా, మంటను మెల్లగా కప్పేయాలి.

ఇసుకా? పొడిగా ఉంటే సోడియం చిన్న మంటకు పనికొస్తుంది. కానీ మన ఎర్ర బకెట్లు ఉండేది షెడ్డు బయట, వానకు తడుస్తూ. తడి ఇసుక మండే లోహం మీద పడితే ఆవిరి, హైడ్రోజన్ పుడతాయి. మెగ్నీషియం మంటైతే పొడి ఇసుకలోని ఆక్సిజన్‌నూ వదలదు.

నైట్రోజన్ సోడియంకు సరే. లిథియం మాత్రం గది వేడిమిలోనే నైట్రోజన్‌తో కలుస్తుంది, దానికి ఆర్గాన్ కావాలి.

చివరిది నీళ్లలో వేయడం. 1947లో అమెరికాలో, యుద్ధం తర్వాత మిగిలిన సోడియం డ్రమ్ముల్ని వాషింగ్టన్ రాష్ట్రంలోని లెనోర్ సరస్సులోకి దొర్లించారు. నీళ్లు తాకగానే ఒక్కొక్కటే పేలిపోయాయి. ఆ పాత వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, మెసేజ్ పంపేవాళ్లు ఒకసారి చూడాలి. చిన్న ముక్కయినా నీళ్లతో చర్యలో పుట్టే వేడికి కరిగి, వెలువడిన హైడ్రోజన్ అంటుకోవచ్చు. సోడియాన్ని ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌లో, నైట్రోజన్ కింద, చల్లబరుస్తూ ఒక్కో ముక్కా వేయాలి. లోహం పూర్తిగా కరిగిపోయిందని చూసుకున్నాకే నీళ్లు. డీసీఎం (డైక్లోరోమీథేన్), క్లోరోఫాం లాంటి క్లోరిన్ ద్రావకాలు ఉన్న వేస్ట్ డ్రమ్ము దగ్గరికి సోడియం ముక్కను అసలు రానివ్వొద్దు. సోడియం, ఈ ద్రావకాలు కలిస్తే చిన్న తాకిడికే పేలతాయి, మెసేజ్‌లో దాని ఊసే లేదు.