సజ్జ ఎంత ఉండాలో నన్నడగండి, మా ఆయన్ని కాదు

పొద్దున సైటుకి వెళ్లేసరికి ముందు గోడకి, కిటికీ పైన నీడ కోసం వేసే సజ్జకి సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) కొట్టేసి ఉంది. డ్రాయింగులో రెండున్నర అడుగులు. వీళ్లు కొట్టింది అడుగు. టేపు పెట్టి కొలిచి మరీ చూపించా. మేస్త్రీ నా టేపు వంక కూడా చూడలేదు. "అంత సజ్జ పెడితే ఇంటి ముందు అందానికి, అదే ఎలివేషన్‌కి అడ్డం వస్తది మేడం, ఇప్పుడెవరు పెడుతున్నరు? సార్ వచ్చినంక మాట్లాడుకుందాం లెండి" అన్నాడు.

సార్ వచ్చాక! లోను నా పేరు మీద ఉంది. కిస్తీ కట్ అయ్యేది నా జీతంలోంచి. స్థలం నేను చీటీలు పాడి కొన్నది. ఆర్కిటెక్టు పక్కన కూర్చుని ఏ కిటికీ ఎక్కడ రావాలో, ఎంత ఎత్తులో రావాలో ఒక్కొక్కటీ చెప్పింది నేను. మా ఆయన పాపం ఈ విషయంలో అడ్డు పడలేదు, నీకు నచ్చినట్టు కట్టుకో అన్నాడు. కానీ సజ్జ పొడుగు ఎంతో తేల్చడానికి మాత్రం ఆయన రావాలట.

ఇంతకీ ఇది మేస్త్రీ సొంత బుర్ర కూడా కాదు. నిన్న సాయంత్రం మా బావగారు అటుగా వెళ్తూ ఆగారట. రోడ్డు మీద నిలబడి చూసి, "పాతకాలపు ఇల్లులా ఉందే, ఆ సజ్జలు తగ్గించు" అని చెప్పి వెళ్లారట. నాకు ఒక్క ఫోన్ లేదు. నా ఇంటి సజ్జని రోడ్డు మీద నిలబడి కోసేశారు.

ఆ సజ్జ ఎందుకో చెప్తా వినండి. మాది ఖమ్మంలో పడమర ఫేసింగ్. 120 గజాలు. ముందు గది అమ్మ కోసం. మే నెలలో ఇక్కడ ఎండ 44, 45కి పోతుందని ఈ జిల్లాలో పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండున్నర అడుగుల సజ్జ ఉంటే మధ్యాహ్నం మూడు దాకా కిటికీ మీద ఎండ చాలావరకు పడదు. ఆ తర్వాత సూర్యుడు కిందికి వాలి సజ్జ కింద నుంచి లోపలికి వస్తాడు కాబట్టి, దానికి అడ్డంగా ఇటుకలతో సందులు సందులుగా ఉండే జాలీ గోడ గీయించాం. వాన జల్లు కొట్టినా కిటికీ తీసే ఉంచుకోవచ్చు. ఇందులో పాతకాలం ఏముంది, కొత్తకాలం ఏముంది? ఎండ మారిందా? పెరిగింది కదా! పెరిగిన ఎండకి నీడ తగ్గించుకోవడం ఏం తెలివి?

అసలు మన ఊళ్లలో ఇల్లు ఎవరి కోసం కడుతున్నారు? కొత్త కాలనీల్లో ఏ వీధికైనా వెళ్లి చూడండి. ముందు స్తంభాలకి టైల్స్, గ్లాసు రెయిలింగు, లేజర్ కటింగ్ గ్రిల్లు, పోర్టికోకి ఫాల్స్ సీలింగు, అందులో రంగుల లైట్లు. పక్కకి వెళ్లి చూస్తే ప్లాస్టరింగ్ కూడా ఉండదు. లోపలికి వెళ్తే పట్టపగలు లైటేస్తే గానీ వంటింట్లో ఉప్పేదో పంచదారేదో తెలియదు. నాకు ఎలివేషన్‌కి చెప్పిన రేటు మూడు లక్షలు. మూడు లక్షలు పెట్టి రోడ్డున పోయేవాళ్లకి చూపించడానికి! అదే చేత్తో "మేడం, అటకలు తీసేద్దాం, బాత్రూం వెంటిలేటర్ చిన్నది పెడదాం, ఖర్చు కలిసొస్తది" అంటారు. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సంతోషం. ఆ మిగిలింది కూడా తీసుకెళ్లి గ్లాసు రెయిలింగుకే పోస్తారు మనవాళ్లు.

ఇక ఆర్కిటెక్టుకి నేనిచ్చిన నలభై వేల గురించి. చుట్టాల్లో దాని గురించి మాట్లాడని ఇల్లు లేదు. "ప్లానుకి నలభై వేలా? మావాడు మూడు వేలకి గీసిస్తాడు." మీవాడు గీసేది పర్మిషన్ కాగితం. మా సైజు స్థలానికి ఇంటి పర్మిషన్ల మీద 2020 చట్టం (టీఎస్-బీపాస్) వచ్చాక ఆన్‌లైన్‌లో సొంత ధ్రువీకరణతోనే పర్మిషన్ వచ్చేస్తుంది, 75 గజాల లోపైతే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. మంచిదే. కానీ ఆ కాగితంలో ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అదే సెట్‌బ్యాకులు, ఎత్తు చూస్తారు. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ ముక్కుకి తగులుతుందా అని ఎవరూ చూడరు. అది చూసే మనిషికి డబ్బులివ్వడం మాత్రం మనకి దుబారా. డబ్బు తక్కువ ఉన్నవాళ్లకే ముందు ఆలోచించి గీసుకోవాల్సిన అవసరం ఎక్కువ. వాళ్లకి గోడ కట్టాక పడగొట్టి మళ్లీ కట్టే స్తోమత ఉండదు.

ఆ ఆర్కిటెక్టు అమ్మాయి గీసినదాంట్లో నాకు బాగా నచ్చింది బయటి గోడల కట్టుబడి. ర్యాట్ ట్రాప్ అంటారు. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ గారు ఊరూరా కట్టి చూపించిన పద్ధతి. 9×4×3 ఇటుకని పడుకోబెట్టకుండా పక్కకి నిలబెడతారు. అటు మూడంగుళాలు, ఇటు మూడంగుళాలు, మధ్యలో మూడంగుళాల ఖాళీ. గోడ మందం అదే తొమ్మిదంగుళాలు. ఇటుక దాదాపు పాతిక శాతం ఆదా, సిమెంటూ తక్కువ, ఆ మధ్యలో ఉన్న గాలి వల్ల వేడి తొందరగా లోపలికి రాదు. ఇటుకలన్నీ ఒకే సైజులో ఉండాలి, అంతే. పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ బూడిద మన పక్కనే ఉంది, ఫ్లై యాష్ ఇటుక గీసినట్టు ఒకే కొలతలో వస్తుంది. ఇంతకన్నా ఏం కావాలి?

మేస్త్రీ ఒప్పుకోలేదు. "గోడల ఖాళీ ఉంటే ఎలుకలు దూరతయ్ మేడం. బలం కూడా ఉండదు." తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ క్యాంపస్ బేకర్ గారు 1970లలో కట్టింది, ఇప్పటికీ అందులో పాఠాలు చెప్తున్నారు అని ఫొటోలు తీసి చూపించా. ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. "అది కేరళ కదా" అన్నాడు. కేరళలో ఇటుక వేరేలా నిలబడుతుందా?

నా బాధ నా ఒక్క ఇంటిదైతే ఇంత రాయను. మా ఊళ్లో ఒకావిడకి ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. ఐదు లక్షలు ఇస్తారు, 400 అడుగులకి తగ్గకూడదు, 600 దాటకూడదు. ఆ పథకం మన భద్రాచలంలోనే 2024 మార్చి 11న మొదలైంది. కూలికి పోయే మనిషి, ఐదు లక్షలతో పద్ధతిగా కట్టుకుంటే చల్లటి ఇల్లు వస్తుంది. అందరూ కలిసి ఏం ఎక్కించారో తెలుసా? "ముందు టైల్స్ లేకపోతే గవర్నమెంట్ ఇల్లని తెలిసిపోతది." సంఘంలో లోను తీసుకుని ముందు గోడకి టైల్స్ అతికించింది. వంట మాత్రం వెనక రేకుల కింద. మొన్న వెళ్తే రేకు కింద కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉంది, మెడ నిండా చెమటకాయలు. ముందు గోడ తళతళలాడుతోంది. ఎవరి కోసమమ్మా అని అడగబుద్ధి కాలేదు నాకు. ఆమెకి ఆ సలహా ఇచ్చినవాళ్లని అడగాలి.

ప్రభుత్వం తీరూ అంతే. 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు, ఎండని వెనక్కి కొట్టే తెల్లటి పైకప్పు ఉండాలని. నివాసాల్లో అది తప్పనిసరి ఎవరికి? 600 గజాలు, ఆపైన ఉన్నవాళ్లకి. వాళ్లకి ఏసీలున్నాయి. 60 గజాల్లో స్లాబు కింద మాడిపోయేవాళ్లకి మీ ఇష్టం అన్నారు.

స్లాబు అంటే నాకు మా ఊరి ఇల్లు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. మాకు పెంకుటిల్లు ఉండేది. ఎత్తు గోడలు, ముందు వసారా, వెనక పెరట్లోకి తెరుచుకునే వంటసాల. 1998లో దాన్ని పడగొట్టి డాబా వేశారు. ముగ్గు పోసిన రోజు నాన్న, బాబాయి, మేస్త్రీ, సిద్ధాంతి నలుగురూ నులకమంచం మీద కూర్చుని ఏ గది ఎక్కడో తేల్చారు. అమ్మ వాళ్లకి టీలిచ్చింది. అంతే, ఆ ఇంటి ప్లానులో అమ్మ పాత్ర. హాలు ఇరవై అడుగులు వచ్చింది, చుట్టాలొస్తే కూర్చోవాలని. వంటిల్లు ఆరుకి ఏడు వచ్చింది. ఆగ్నేయంలో ఉండాలన్నారు, ఉంచండి. ఆ ఆగ్నేయానికి కిటికీ ఉండకూడదని ఏ శాస్త్రం చెప్పింది? ఉన్న ఒక్క వెంటిలేటరూ పక్కవాళ్ల గోడకి జానెడు దూరంలో. పొగ పోయే దారి లేదు. రాత్రి పది దాటినా స్లాబు వేడి దిగేది కాదు. మగవాళ్లు ఆరుబయట మంచాలేసుకునేవాళ్లు. అమ్మ ఆ కొలిమిలో పదిమందికి వండి, గిన్నెలు తోమి, చీర కొంగు తడిపి మెడ చుట్టూ వేసుకుని వచ్చేది. ఇరవై ఏళ్ల పైనే అందులో వండింది. ఆ ఇంటిని అందరూ "మంచి ఇల్లు కట్టాడ్రా" అని నాన్ననే మెచ్చుకున్నారు.

ఆ ఇంటి గురించి ఇప్పుడు నేను నోరెత్తితే మా బాబాయి "ఇల్లు కట్టి చూడు" అని సామెత చెప్తాడు. కడుతున్నా బాబాయ్. కట్టే చెప్తున్నా. ఆ రోజు అమ్మని ఒక్క మాట అడిగి ఉంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఖర్చయ్యేది కాదు. ఆ గోడకి కాకుండా ఈ గోడకి కిటికీ పెట్టడానికి డబ్బెందుకు?

బావగారూ, మీరు ఇది చదువుతారని తెలుసు. మీరంటే గౌరవం ఉంది. మీకు సలహా చెప్పాలనిపిస్తే నాకు ఫోన్ చేయండి, నా నంబర్ మీ దగ్గర ఉంది. సెంట్రింగ్ విప్పించేశాను, రేపు రెండున్నర అడుగులకి మళ్లీ కొడతారు, ఆ కూలి నేనే ఇస్తున్నా. మీ తమ్ముడు రావాల్సిన పని పడలేదు.

ఖమ్మం, కొత్తగూడెం వైపు ర్యాట్ ట్రాప్ కట్టుబడి చేతులారా కట్టిన మేస్త్రీలు ఎవరైనా తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. కాంపౌండ్ గోడైనా ఆ పద్ధతిలోనే కట్టిస్తా. ఆడవాళ్లతో కొలతలు మాట్లాడగలిగినవాళ్లయితేనే చెప్పండి.