వీడియోలో ఉన్నది చీతా, చేను గట్టున తిరిగేది చిరుత

చీకట్లో దుప్పటి కప్పుకుని ఒకాయన పడుకుని ఉంటాడు. పక్కనే మూడు మచ్చల జంతువులు. ఒకటి లేచి వచ్చి ఆయన్ని ఆనుకుని పడుకుంటుంది, ఆయన నిమురుతాడు. వీడియో కింద రాత ఇది: ‘రాజస్థాన్‌లోని సిరోహి దగ్గర గుడి పూజారి పక్కన రోజూ రాత్రి చిరుతల కుటుంబం వచ్చి పడుకుంటుంది. చిరుత మనిషి జోలికి రాదు. ప్రేమగా చూస్తే కుక్కలా మచ్చికవుతుంది. ఊళ్లోకి వస్తే భయపడకండి.’ మహారాష్ట్రలో చిరుతలు తిరిగే రాజురా, బల్లార్‌పూర్, సిరోంచ వైపు బతికేవాళ్లు ఈ మాట నమ్మితే ప్రాణాల మీదికి వస్తుంది.

‘సిరోహి గుడి’ సంగతి ముందు. ఆ వీడియో దక్షిణాఫ్రికాలో, బ్లూమ్‌ఫాంటీన్‌లోని చీతాల పెంపక కేంద్రంలో తీసినది. అందులోని మనిషి పూజారి కాదు, అక్కడ పనిచేయడానికి వెళ్లిన అమెరికన్ వాలంటీర్. జంతువులు పిల్లలప్పటి నుంచి మనుషుల చేతుల్లో పెరిగిన చీతాలు. 2020లో మన దేశంలో దానికి గుడి కథ తగిలించి పంచారు. జనం నమ్మడానికి కారణం లేకపోలేదు. సిరోహి పక్క జిల్లా పాలీలోని జవాయి గుట్టల్లో, గుడుల చుట్టుపక్కలే చిరుతలు నిజంగా తిరుగుతాయి. రబారీ పశుకాపర్లు వాటితో తగవు లేకుండానే బతుకుతున్నారు. ఎవరి దూరంలో వాళ్లుంటారు కాబట్టే అది సాగుతోంది. పక్కన పడుకోవడం వల్ల కాదు.

‘చిరుత మనిషి జోలికి రాదు.’ అసలు ప్రమాదం ఈ వాక్యంలోనే ఉంది. ఇంగ్లిష్‌లో చీతా గురించి చెప్పిన మాటను తెలుగులో ‘చిరుత’ అని రాసేశారు. చీతా విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. అడవిలో తిరిగే చీతా ఎదిగిన మనిషిని చంపినట్టు నమోదైన ఉదాహరణ లేదు. దాని ఒళ్లు పరుగు కోసం తయారైంది: సన్నటి నడుము, చిన్న తల, పూర్తిగా లోపలికి ముడుచుకోని గోళ్లు. కాలికి దెబ్బ తగిలితే వేట ఉండదు, వేట లేకపోతే ఆకలిచావే. అందుకే ఎదురు తిరిగేదాన్ని చూస్తే తప్పుకుంటుంది. పట్టిన వేటను కూడా సింహాలకూ దుమ్ములగొండ్లకూ వదిలేసి పోతుంది.

మరాఠీవాళ్లు బిబట్యా అనే మన చిరుత అలాంటిది కాదు. పొట్టి కాళ్లు, బలమైన మెడ, తనంత బరువున్న వేటను చెట్టెక్కించే సత్తువ. ఎక్కువగా రాత్రి వేట. కుక్కల కోసం, మేకల కోసం ఇళ్ల మధ్యకే వస్తుంది. 2022లో చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం, దుర్గాపూర్ పరిసరాల్లో పులులూ చిరుతలూ మనుషుల్ని చంపాయి. ఆ చోటు నట్టడవి కాదు, కార్మికుల కాలనీలున్న చోటు.

రెంటికీ తేడా పగటిపూట సులువుగానే తెలుస్తుంది. చీతాకు కంటి మూల నుంచి నోటి దాకా కన్నీటి చారలా నల్లగీత ఉంటుంది, మచ్చలు నిండు చుక్కలు. చిరుతకు ఆ గీత ఉండదు, మచ్చలు రేకులు విడిన పువ్వుల్లా గుంపుగా ఉంటాయి. నేల మీద చీతా అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి, చిరుత అడుగులో మామూలుగా పడవు. మన వైపు అడుగులో గోళ్లు కనిపిస్తే అది కుక్కదో దుమ్ములగొండిదో అయ్యుంటుంది. చీకట్లో ఈ గుర్తులేవీ కనపడవు కాబట్టి, మచ్చలున్నది ఏదైనా చిరుతే అనుకోవాలి.

‘కూనో చీతాలు ఇటు వచ్చేశాయి’ అని దీనికే తోక తగిలిస్తున్నారు. మధ్యప్రదేశ్‌లో ఆఫ్రికా చీతాలను తెచ్చి వదిలిన కూనో పార్కు నుంచి చంద్రపూర్‌కు గీత గీసినా 600 కిలోమీటర్లకు పైనే. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి వచ్చిన 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన 12 చీతాలకూ మెడలో రేడియో కాలర్లు వేశారు, వెంట సిబ్బంది ఉంటారు.

‘ప్రేమగా చూస్తే కుక్కలా మచ్చికవుతుంది.’ మచ్చిక వేరు, పెంపుడు జాతి కావడం వేరు. మొగలులు వందల కొద్దీ చీతాలను వేటకు మచ్చిక చేశారు, కొల్హాపూర్ సంస్థానంలోనూ ఉంచుకున్నారు. కానీ ప్రతి చీతానూ అడవి నుంచి పట్టి తేవలసిందే. బందిఖానాలో ఈనిన ఘటన జహంగీర్ కాలంలో ఒక్కటే నమోదైంది, మళ్లీ 1956లో ఫిలడెల్ఫియా జూలో. తరతరాలుగా మన దగ్గరే ఈని మారిపోయిన కుక్కతో దాన్నెలా పోలుస్తారు? మచ్చికైన చీతాలు కూడా కరిచాయి. 2007లో బెల్జియం జూలో బోనులోకి వెళ్లిన మహిళను చీతాలు చంపాయి. 2012లో దక్షిణాఫ్రికాలో సందర్శకులు నిమిరే చీతాలే ఒక మహిళ మీద పడ్డాయి. పరుగెత్తేదాన్ని తరమడం వాటి స్వభావం, పిల్లల ఎత్తు వాటి వేట జంతువుల ఎత్తే. కూనో దగ్గర 2025 ఏప్రిల్‌లో ఒక డ్రైవరు చీతాకూ పిల్లలకూ పళ్లెంలో నీళ్లు పోసిన వీడియో చూసి దేశమంతా మురిసిపోయింది. అటవీ శాఖ మాత్రం అతని మీద చర్య తీసుకుంది. మనిషి దగ్గర నీళ్లు దొరుకుతాయని నేర్చుకున్న జంతువు ఊళ్లోకి వస్తుంది, రాళ్ల దెబ్బలు తింటుంది. అదే చీతా మీద అంతకు కొద్ది రోజుల ముందు దూడను పట్టబోతే ఊరివాళ్లు రాళ్లు రువ్వారు.

చిరుత, పులి ఉన్న చోట చేయవలసినవి ఇవి. ఇప్పపువ్వుకో తునికాకుకో పొద్దు పూర్తిగా పొడిచాకే, నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లండి. వంగి ఏరే మనిషి దూరం నుంచి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడు. అందుకే ఒకరు నిలబడి చుట్టూ చూస్తుండాలి, పొదకు వీపు పెట్టి ఏరకూడదు. మేకల దొడ్డికి గోడలుంటే చాలదు, కప్పూ తలుపూ ఉండాలి. మాంసం వ్యర్థాలు ఊరి చివర పారేస్తే కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. చిన్నపిల్లల్ని రాత్రి వాకిట్లో పడుకోబెట్టకండి. ఎదురుపడితే పరుగెత్తొద్దు, కూర్చోవద్దు, వంగొద్దు. చేతులెత్తి గట్టిగా అరుస్తూ, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి.

కనిపిస్తే మహారాష్ట్ర అటవీ శాఖ 1926కు ఫోన్ చేసి చోటు, సమయం, ఏ దిక్కుకు పోయిందో చెప్పండి. అడుగుజాడ దొరికితే సిబ్బంది వచ్చేదాకా దాని మీద గంప బోర్లించి ఉంచండి.