పిడుగు పడ్డ డిటెక్టివ్‌కు పరకాల బస్టాండ్ నుంచి

గౌరవనీయులైన '1-800 మిస్సింగ్' సీరియల్ గారికి,

హన్మకొండ నుంచి నమస్కారాలు. మీరు 2003లో అమెరికాలో మొదలై, మూడు సీజన్లు నడిచి, 2006లోనే దుకాణం కట్టేశారని తెలుసు. మా చెల్లె ఫోన్‌లో మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నారు. రాత్రి అన్నాలు కాగానే మా మేనత్త మీ ముందు కూర్చుంటుంది. ఆమెకు ఇంగ్లిషు రాదు కాబట్టి పక్కన కూర్చుని అర్థం చెప్పే డ్యూటీ నాది. అంటే ఈ ఫిర్యాదులో నేనూ సగం ముద్దాయినే.

జెస్ మాస్ట్రియాని అనే అమ్మాయి మీద పిడుగు పడుతుంది. మా దగ్గర పిడుగు పడితే మనిషి పోతాడు, లేకపోతే గొర్రెలు పోతాయి, తర్వాత పంచనామాకు వస్తారు. మీ దగ్గర పడితే ఎఫ్‌బీఐలో నౌకరీ వస్తుంది. అప్పటినుంచి తప్పిపోయినవాళ్ల ఆనవాళ్లు ఆమెకు కలల్లో కనిపిస్తాయి. ఆ ముక్కలు పట్టుకుని మనిషి దగ్గరికి పోతారు. బాగుంది. కానీ మొదటి సీజన్‌లో జెస్ పక్కన ఉన్న బ్రూక్ రెండో సీజన్‌కు లేదు, ఆ కుర్చీలోకి నికోల్ వచ్చింది. "ఆ బ్రూక్ ఏడవోయింది? ఆమెను దేవులాడరా?" అని అత్తమ్మ అడిగింది. నేను నీళ్లు నమిలాను.

ఇక అసలు సంగతి. మొన్న ఎండాకాలం మా నాయినమ్మ తప్పిపోయింది. ఎనభై దగ్గరపడ్డ మనిషి, మతిమరుపు. మధ్యాహ్నం అందరం కునుకు తీసేసరికి గొళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. బాపు, నేను స్టేషన్‌కు ఉరికాం. "రేపటిదాకా చూడుండ్రి, అదే వస్తది" అన్నాడు అక్కడున్నాయన. 24 గంటలు ఆగాలన్న రూలు సినిమాల్లోనే తప్ప ఏ చట్టంలోనూ లేదు. పిల్లలు తప్పిపోతే ఫిర్యాదు రాగానే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఈమె పిల్ల కాదు కదా అని ఆయన ధైర్యం కాబోలు.

మేం ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ మీ దారి పట్టింది. ఊరవతల అంజనం వేసే స్వామి ఒకాయన ఉన్నాడు. తమలపాకుకు కాటుక రాసి అందులోకి చూస్తాడు. పూర్వం ఆయన ముందు కూర్చోవాల్సి వచ్చేది, ఇప్పుడు వీడియో కాల్‌లో కూడా చూస్తాడు. 516 రూపాయలు ఫోన్‌పే చేయగానే ఆకులో బొమ్మ పడింది. "నీళ్లున్నయి. పక్కన పెద్ద రాయి. గంట సప్పుడు వినొస్తున్నది. పాణానికి ఢోకా లేదు, జల్ది పోండ్రి."

సీరియల్ గారూ, మీ జెస్‌కు కూడా ఇట్లాంటి ముక్కలే కదా కనిపించేది! ఆ ముక్కలు ఓరుగల్లులో చెప్తే ఏమవుతుందో చూడండి. ఇది కాకతీయులు ఏలిన నేల. రాయి కనిపిస్తే గుడి కట్టారు, పల్లం కనిపిస్తే చెరువు తవ్వారు. నీళ్లు, రాయి, గంట అంటే భద్రకాళి చెరువు. పద్మాక్షి గుట్ట కింది గుండం కూడా అదే. వేయిస్తంభాల గుడిలో కోనేరు ఉంది, ఖిలాలో గుండు చెరువు ఉంది. అక్కడ ఆగక రామప్ప దాకా పోయినా తప్పు పట్టేవాడు లేడు. స్వామి చెప్పింది చిరునామా కాదు, జిల్లా పర్యాటక కరపత్రం. అయినా నాలుగు బండ్ల మీద ఎనిమిది మందిమి చీకటి పడేదాకా చెరువు గట్ల మీద తిరిగాం. వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్ చేసేవాళ్లను ఆపి ఫోటో చూపిస్తుంటే ఒకాయన అడిగాడు, "బస్టాండ్‌ల అడిగిండ్రా?"

అడగలేదు. ఆకులో బస్టాండ్ రాలేదు మరి.

మా స్వామి ఎంత లేదన్నా బతికే ఉందన్నాడు. మీ దేశంలో దివ్యదృష్టి ఉందని చెప్పుకుని పేరుమోసిన సిల్వియా బ్రౌన్ అనే ఆమె 2004లో టీవీ షోలో ఒక తల్లి ముఖం మీదే నీ బిడ్డ ఇక లేదు అని చెప్పింది. ఆ తల్లి 2006లో కన్నుమూసింది. 2013లో క్లీవ్‌లాండ్‌లో ఒక ఇంట్లోంచి ఆ బిడ్డ తలుపు బద్దలు కొట్టుకుని ప్రాణాలతో బయటికొచ్చింది. ఈ ఎపిసోడ్ మీరు తీయలేదు. తీస్తే బాగుండేది, నేను అత్తమ్మకు ఒక్క మాట కూడా వదలకుండా అర్థం చెప్పేవాణ్ణి.

మా పోలీసుల దగ్గరా ఒక అంజనం ఉంది లెండి, పేరు దర్పణ్. తప్పిపోయిన పిల్లల ఫోటోలను, అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల ఫోటోలను కంప్యూటర్‌తో పోల్చి చూస్తుంది. 2015లో అలహాబాద్ వైపు తప్పిపోయిన పిల్లవాడు అస్సాంలో ఒక ఆశ్రమంలో ఉన్నాడని 2020లో దీనితోనే తేల్చారు. పిడుగు అక్కర్లేదు, 516 అక్కర్లేదు. కానీ అత్తమ్మకు నచ్చలేదు. కంప్యూటర్ ఉలిక్కిపడి లేవదు, నుదుటి మీద చెమట పట్టదు, వెనక మ్యూజిక్ రాదు.

నాయినమ్మను దొరకబట్టింది ఎవరంటే, పరకాల బస్సు కండక్టరమ్మ. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా. జీరో టికెట్ కొట్టాలంటే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. నాయినమ్మ దగ్గర లేదు. "మా అవ్వగారింటికి పోతున్న, అవ్వను సూడనీకి కార్డెందుకే?" అని బస్సంతా వినేలా కొట్లాడింది. ఆ కొట్లాట వల్లనే కండక్టరమ్మకు ముఖం గుర్తుండిపోయింది. రాత్రి తొమ్మిదికి మా కాక హన్మకొండ బస్టాండ్‌లో ఫోటో చూపించగానే "గీ అవ్వనా! నన్ను దొబ్బులు వెట్టింది" అని నవ్వి, పరకాల డిపోకు ఫోన్ కొట్టింది. అక్కడ అరటిపండ్లు అమ్మే ఆమె నాయినమ్మకు రెండు పండ్లిచ్చి, కదలకుండా పక్కన కూర్చోబెట్టుకుంది.

మేం పోయేసరికి నాయినమ్మ బస్టాండ్‌లో బండ మీద కూర్చుని ఉంది. పక్కన చలివేంద్రం. రెండు కుండలు, వాటి మీద తడిగుడ్డ. ఎదురుగా ఐస్‌క్రీం బండివాడు గంట కొడుతున్నాడు.

అత్తమ్మ కుండలను చూసింది. బండను చూసింది. గంట విన్నది. "నీళ్లు... రాయి... గంట!" అని అక్కడే రెండు చేతులెత్తి మొక్కింది. తెల్లారి స్వామికి ఇంకో 1,116 పంపింది. కండక్టరమ్మకు, పండ్లమ్మే ఆమెకు ఏమైనా ఇద్దామంటే, "వాళ్లదేమున్నది, స్వామి చెప్పినట్టే చేసిండ్రు" అన్నది.

రాత్రి మళ్లీ మీ సీరియల్ పెట్టమంది. జెస్ కలలోంచి ఉలిక్కిపడి లేచింది. ఏం కనిపించిందట అని అత్తమ్మ అడిగింది. "పరకాల బస్సు" అని అర్థం చెప్పాను.

ఇట్లు,
మీ హన్మకొండ అనువాదకుడు