ఆ ముళ్లపొదను పీకించకండి

పోయిన నెల కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో ఒక స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాలయ్యాక ఇల్లంతా తిప్పి చూపిస్తూ, ముందు కిటికీ కింద కొట్టేసిన పొద మొదళ్ల దగ్గర ఆగి, "ముళ్లకంప అండీ, ఇంటి ముందు మంచిది కాదన్నారు, తీయించేశాం" అన్నాడు. వంగి చూశాను. నరికిన చోటల్లా తెల్లటి పాలు కారి గడ్డకట్టాయి. పక్కన కుప్పలో దళసరి ఆకులు, కొమ్మల నిండా పంగలకర్రలా రెండుగా చీలిన ముళ్లు, ఒక కొమ్మకి ఇంకా రెండు ఎర్రటి పళ్లు. నాకు ప్రాణం ఉసూరుమంది.

అది నేటాల్ ప్లమ్ అండీ. మన వాక్కాయకి తోబుట్టువు, రెండూ కరిస్సా జాతివే. దీని సొంతూరు దక్షిణాఫ్రికా తూర్పు తీరం. 1903లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ డర్బన్ బొటానికల్ గార్డెన్ నుంచి దీని విత్తనాలు పెద్ద ఎత్తున తెప్పించారు. ఉప్పుగాలికీ ఎండకీ తట్టుకుంటుంది, ఏడాది పొడుగునా ఆకు రాల్చదు కాబట్టి ఇక్కడ దక్షిణ కాలిఫోర్నియాలో ఎన్నో ఇళ్ల ముందు ఇదే కంచె. మనవాళ్లు గ్యారేజీలో హీటర్ పెట్టి మరీ కరివేపాకు కుండీని బతికించుకుంటారు, వాకిట్లో దానంతటదే పెరుగుతున్న వాక్కాయ చుట్టాన్ని మాత్రం డబ్బులిచ్చి పీకిస్తారు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ముళ్లచెట్టు ఇంటి ముందు ఉండకూడదంటారు, సరే. మరి నిమ్మచెట్టుకి ముళ్లు లేవా? గులాబీకి లేవా? మన ఊళ్లలో చేనుకీ దొడ్డికీ కాపలా కాసింది ముళ్లకంచే కదా. కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో మళ్లీ కనబడ్డ అరుదైన పిట్టకి మనవాళ్లు పెట్టుకున్న పేరు కలివికోడి. కలివి అంటే ఈ కరిస్సా జాతి పొదే, ఆ పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. అంత దగ్గరి చెట్టు మనకి.

ఇక "మా ఇంట్లో పొద ఉంది గానీ ఒక్క కాయా కాయదు" అనేవాళ్లు చాలామంది. మా పొదదీ మొదట అదే కథ. తప్పు చెట్టుది కాదు, కత్తిరింపుది. ఈ చెట్టు పూసేది కొమ్మ చివర్లలో. తోటపనికి వచ్చేవాళ్లు రెండు వారాలకోసారి మెషీన్ పెట్టి పెట్టెలా చెక్కేస్తే మొగ్గలన్నీ దాంతోనే పోతాయి, ఇంక కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది? పొదని వాళ్లు ముట్టుకోకుండా చూసి, చేతి కత్తెరతో నేనే అప్పుడప్పుడు తేలిగ్గా కత్తిరించడం మొదలుపెట్టాను. అలా చేస్తే పక్క కొమ్మలు పెరిగి చివర్లు ఎక్కువవుతాయి. చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకోండి, కంటికి పాలు తగలనివ్వకండి. దాని సొంతూళ్లో రాత్రిపూట తిరిగే పురుగులు పుప్పొడి మోస్తాయట, ఇక్కడ ఆ పని మనం చిన్న బ్రష్‌తో చేయాలి. దగ్గర్లో ఇంకో మొక్క ఉంటే ఇంకా మంచిది.

నీళ్లు మట్టి ఆరాకే పోయాలి, బురదగా ఉంటే వేరు కుళ్లుతుంది. గడ్డకట్టే చలి ఉన్న ఊళ్లలో మాత్రం దీన్ని నేలలో పెట్టొద్దు. పసిపిల్లలున్న ఇళ్లకి బాక్స్‌వుడ్ బ్యూటీ అని ముళ్లు లేని పొట్టి రకం ఉంది.

తినే విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. వాక్కాయలాగా పచ్చికాయ కోసి పప్పులో వేయకండి. ఆకు, కొమ్మ, గింజ, పచ్చికాయ ఏదీ తినకూడదు. ఇది గన్నేరు కుటుంబం. పూర్తిగా ఎర్రబడి, నొక్కితే కొంచెం మెత్తగా తగిలే పండే తినాలి. వాక్కాయంత పులుపుండదు, కాస్త తియ్యదనం ఉంటుంది. గింజ తీసి, పచ్చిమిర్చితో నూరి ఇంగువ పోపు పెడితే వేడన్నంలోకి ఎంత బాగుంటుందో. ఉడికించినప్పుడు గిన్నె అంచున పాలు వలయంలా అంటుకుంటాయి, నూనెతో రుద్దితే పోతాయి.

ఆ స్నేహితుడికి మా పొద నుంచే మొక్క కడుతున్నాను. లేత కొమ్మని సగం వరకు కోసి, తెంపకుండా అలాగే చెట్టుకి వేలాడనిచ్చాను. రెండు నెలలయ్యాక తీసి ఇసకలో గుచ్చితే సుమారు నెలకి వేరు పడుతుంది. ఎలాగూ ఒకటికి నాలుగు కొమ్మలు కోసి పెట్టాను, కావాల్సినవాళ్లు నన్ను అడగండి.