స్ప్రింగును నమ్మాలా, సర్క్యూటును నమ్మాలా?

ఫిల్మ్ కెమెరా కొని చాలాకాలం వాడుకోవాలనుకునేవారు బ్యాటరీ అక్కరలేని పాత యాంత్రిక కెమెరా తీసుకోవాలా, ఆ తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ షట్టర్ (ఫిల్మ్ మీదికి వెలుతురును కొద్దిసేపు వదిలే తెరల ఏర్పాటు) ఉన్న కెమెరా తీసుకోవాలా అన్నది ఇక్కడి వాదం. పాత కెమెరాలను విప్పి బాగుచేయడమే వృత్తిగా గడిపిన మరమ్మతుదారు మొదటి పక్షం. ఆయన దగ్గరే ఆ పని నేర్చుకున్న ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు రెండవ పక్షం.

మరమ్మతుదారు: చూడమ్మా, 1954లో వచ్చిన లైకా ఎం3నీ, 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌నీ ఈనాటికీ వాడుతున్నవారున్నారు. వాటిలో ఉన్నవి స్ప్రింగులు, పళ్ళచక్రాలు, మీటలు, గుడ్డ తెరలో లోహపు తెరలో మాత్రమే. 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కె1000లో బ్యాటరీ ఉన్నా అది వెలుతురును కొలిచే లైట్ మీటరు కోసమే. దాన్ని తీసి పారేసినా షట్టర్ అన్ని వేగాలలోనూ పనిచేస్తుంది. 1982 నాటి నికాన్ ఎఫ్ఎం2 అయితే బ్యాటరీ లేకుండానే 1/4000 సెకను వేగం ఇస్తుంది. నమ్మకానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంజనీరు: పనిచేయడం వేరు, సరిగ్గా పనిచేయడం వేరు, మాస్టారూ. గుడ్డ తెరల షట్టర్‌లో 1/1000 సెకను అంటే మొదటి తెర పరుగెత్తుతుండగా రెండవ తెర దాని వెనకే రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి తరుముకుంటూ పోవడం. గ్రీజు గట్టిపడి, స్ప్రింగు బిగువు తగ్గితే ఆ సందు వెడల్పు దారిలోనే మారిపోతుంది. ఫొటోలో ఒక పక్క తెల్లగా, మరో పక్క నల్లగా వస్తుంది. ఒక్కోసారి రెండవ తెర మొదటిదాన్ని అందుకుని, ఫ్రేములో కొంత భాగానికి వెలుతురే తగలదు. ఇంత జరుగుతున్నా మీట తిప్పితే తిరుగుతుంది, బటన్ నొక్కితే చప్పుడు వస్తుంది. ఫిల్మ్ కడిగేదాకా వాడేవారికి ఏమీ తెలియదు. సర్క్యూటుతో నడిచే షట్టర్‌లో తెరలు ఎంతసేపు తెరుచుకోవాలో సర్క్యూటే లెక్కగడుతుంది, దానికి ముసలితనం ఇంత తొందరగా రాదు. 1996 నాటి నికాన్ ఎఫ్5 షట్టర్‌ను లక్షా యాభై వేల సార్లు నడిపి పరీక్షించారు. పైగా తన వేగాన్ని తానే సరిచూసుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది.

మరమ్మతుదారు: నెగటివ్ ఫిల్మ్ ఒక స్టాప్ ఎక్కువ వెలుతురును, అంటే రెట్టింపు వెలుతురును, ఓర్చుకుంటుంది, కాబట్టి వేగం కొంత తగ్గినంత మాత్రాన బొమ్మ పాడైపోదు.

ఇంజనీరు: కడిగిన ఫిల్మే అసలు రంగుల బొమ్మగా వచ్చే స్లైడు ఫిల్మ్ ఓర్చుకోదు. అందులో అర స్టాప్ తేడా కూడా కంటికి కనిపిస్తుంది.

మరమ్మతుదారు: ఒప్పుకుంటాను. కాని నేను అడిగేది ఆ తరువాతి సంగతి. నెమ్మదించిన యాంత్రిక షట్టర్‌ను నేను విప్పుతాను, పాత నూనెను కడుగుతాను, బిగువు సరిచేస్తాను, మళ్ళీ కొలుస్తాను. నెమ్మది వేగాలను నడిపే చిన్న చక్రాల గుత్తి ఒకటి ఉంటుంది. ఒక సెకను మీద పెట్టి నొక్కితే ఆ గుత్తి చేసే గిర్రుమనే చప్పుడు ఒకే తీరున సాగాలి. మధ్యలో అది తడబడినా, తెర సగంలో ఆగినా రోగం ఎక్కడుందో చెవికే తెలిసిపోతుంది. ఇక సర్క్యూటు చచ్చిపోయిన కెమెరా సంగతి చెప్పు! ఆ కెమెరా కోసమే తయారైన చిప్‌ను మళ్ళీ ఎవరూ తయారు చేయరు. మడతల్లో పలచని రాగి గీతలు తెగిన ఫ్లెక్స్ సర్క్యూటుకు అతుకు వేయడం ఎంత కష్టమో నీకు తెలియనిది కాదు. అరిగిన చక్రాన్ని లేత్ మీద కొత్తగా చేయించవచ్చు, చిప్‌ను చేయించలేము.

(ఈ వాదంలో మరమ్మతుదారు పక్షానికి ఉన్న అసలు బలం ఇదేనని నా అభిప్రాయం, బ్యాటరీ లేకుండా నడవడం అన్నది దీనితో పోలిస్తే చిన్న సౌకర్యం మాత్రమే.)

ఇంజనీరు: చిప్ విషయంలో మీతో వాదించను. కాని మన బల్ల మీదికి వచ్చే ఎలక్ట్రానిక్ కెమెరాలలో చాలావాటికి వచ్చిన రోగం సర్క్యూటుది కాదు కదా! 1976లో వచ్చిన క్యానన్ ఏఈ-1 మైక్రోప్రాసెసర్‌తో నడుస్తుంది. దానికి అందరూ చెప్పుకునే జబ్బు ఏమిటి? నొక్కినప్పుడల్లా దగ్గినట్టు వచ్చే కీచుశబ్దం. అది అద్దాన్ని ఆడించే భాగంలోని చక్రాలకు నూనె ఎండిపోవడం వల్ల వచ్చేది. సరైనచోట ఒక్క నూనె బొట్టు వేస్తే పోతుంది. అలాగే కొన్ని క్యానన్ ఈఓఎస్ ఫిల్మ్ కెమెరాలలో షట్టర్ పక్కనున్న మెత్తటి దిమ్మ కరిగి, జిగురుగా మారి రెక్కలకు అంటుకుంటుంది. ఆ తప్పు దిమ్మ పదార్థానిది. వెనక తలుపు అంచుల్లో వెలుతురు చొరబడకుండా పెట్టిన నురుగు కూడా ఇలాగే తారులా కరుగుతుంది. యాంత్రిక కెమెరాలు దానికి మినహాయింపు కావు.

మరమ్మతుదారు: కావు. చెక్కపుల్లతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త నురుగు అంటించడం ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. అద్దం మీదికి మాత్రం ఆ తుక్కు పడకుండా చూసుకోవాలి, ఎందుకంటే దాని మెరుపు పూత పైతట్టునే ఉంటుంది. తుడవబోతే గీతలు పడతాయి.

ఇంజనీరు: మీటరు మాట కూడా దాటేశారు. ఒలింపస్ ఓఎం-1 మీటరు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీని లెక్కలో పెట్టుకుని చేసినది. ఆ బ్యాటరీలు విషపదార్థమని నిషేధించారు. ఇప్పుడు దొరికే 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే మీటరు తప్పు చెబుతుంది.

మరమ్మతుదారు: పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌లో ఆ బాధ లేదు, వోల్టేజీ మారినా దాని బ్రిడ్జ్ సర్క్యూటు పట్టించుకోదు. ఓఎం-1కు వోల్టేజీ తగ్గించే చిన్న డయోడ్ పెట్టిస్తే సరిపోతుంది. నీ విద్యే కదా అది!

ఇంజనీరు: నా విద్యే. అందుకే అడుగుతున్నాను, మాస్టారూ: ఆ డయోడ్ పెట్టేవారు, ఆ చక్రాల చప్పుడు విని రోగం చెప్పేవారు ఇంకా ఎంతకాలం దొరుకుతారు? చిప్ తయారు కాదని మీరంటున్నారు, మీవంటి చేయి కూడా తయారు కావడం లేదు. యాంత్రిక కెమెరా వందేళ్ళు ఉంటుందన్న మాటలో బాగుచేసేవాడు కూడా వందేళ్ళు ఉంటాడన్న ఊహ దాగి ఉంది.

మరమ్మతుదారు: ఆ దెబ్బ గట్టిదే. కాని నేర్చుకోవాలనుకున్నవారు నేర్చుకోగలిగిన పని ఇది. విప్పితే ఏ భాగం దేన్ని నెడుతుందో కంటికి కనిపిస్తుంది, నువ్వు నేర్చుకోలేదా? పైగా తయారీదారులకు కూడా దీని మీద నమ్మకం పోలేదు. 1984 నాటి ఎం6ను లైకా 2022లో మళ్ళీ తయారు చేసింది. నికాన్ 2001లో తెచ్చిన ఎఫ్ఎం3ఏలో బ్యాటరీ ఉంటే సర్క్యూటు షట్టర్‌ను నడుపుతుంది, లేకపోతే స్ప్రింగులే అన్ని వేగాలనూ ఇస్తాయి. నిజానికి మన ఇద్దరి వాదమూ ఆ ఒక్క కెమెరాలో రాజీపడింది.

ఇంజనీరు: దాని ధరకు రాజీపడేవారు తక్కువ! నేనైతే 1980 నాటి నికాన్ ఎఫ్3 కొంటాను. సర్క్యూటు పోయినా అత్యవసరానికి ఒక యాంత్రిక వేగం మిగులుతుంది. విడిభాగాల కోసం చెడిపోయిన ఎఫ్3 మరొకటి కొని పక్కన పెట్టుకుంటాను.

మరమ్మతుదారు: ఆ రెండవదానికి పెట్టే డబ్బుతో కె1000కు పూర్తి సర్వీసింగ్ చేయించవచ్చు.

ఇంజనీరు: చేయండి. కాని బాగుందని నోటిమాటతో అప్పగిస్తే ఒప్పుకోను. ఒక్కో వేగాన్నీ టెస్టర్‌తో కొలిచి, ఫ్రేముకు రెండు అంచుల్లోనూ ఎంత వచ్చిందో కాగితం మీద రాసివ్వాలి.

మరమ్మతుదారు: రాసిస్తానమ్మా. 1/1000 గడిలో మాత్రం 1/700 అని ఉంటుంది. స్లైడు ఫిల్మ్ వేసినప్పుడు ఆ వేగం జోలికి పోకు.