ఏమ్స్‌లో ఏముందని అడిగేవాళ్లకు

"మొక్కజొన్న తప్ప ఏముందిరా అక్కడ?" అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ అనే ఊళ్లో ఎంఎస్ చేశానని చెప్పగానే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు అనే మొదటి మాట ఇదే. ఇన్నాళ్లూ విని ఊరుకున్నాను, ఇక ఊరుకోబుద్ధి కావడం లేదు.

అయోవా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌ను ఆనుకునే లింకన్ వే వెళ్తుంది. రెండేళ్లు రోజూ దాటిన రోడ్డు అది. మంచు పడుతుంటే ఒక చేతిలో పాల క్యాను, భుజాన బియ్యం సంచి పెట్టుకుని, బటన్ నొక్కి, సిగ్నల్ ఎప్పుడు మారుతుందా అని నిలబడేవాణ్ని. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా దాదాపు 3,400 మైళ్లు, అమెరికాను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కార్ల కోసం కలిపిన తొలి రోడ్లలో ఒకటైన లింకన్ హైవే అదేనని, 1913లోనే దాన్ని ప్రకటించారని నాకు చదువు అయిపోవచ్చే రోజుల్లో గానీ తెలియలేదు. సివిల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ని, బాధ వేసింది.

అప్పట్లో అయోవాలో ఎక్కువ మట్టి రోడ్లే. వాన పడితే మా పల్నాడు నల్లరేగడిలో బండి దిగబడ్డట్టే కార్లు దిగబడేవి, గుర్రాలు కట్టి లాగించాల్సి వచ్చేది. ఆ బురద సంగతి తేల్చడానికి కూర్చున్నది ఈ ఊరే! 1904లో రాష్ట్రం రోడ్ల కమిషన్ పనిని ఈ కాలేజీకే అప్పగించింది. ఇంజనీరింగ్ డీన్ ఆన్సన్ మార్స్టన్ దగ్గర చదువుకున్న థామస్ మెక్‌డొనాల్డ్ 1919లో దేశం మొత్తానికి రోడ్ల పెద్ద అయ్యి, 1953 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. రాష్ట్ర రవాణా శాఖ ప్రధాన కార్యాలయం ఇప్పటికీ ఆ లింకన్ వే మీదే ఉంది. దీన్నా మీరు మొక్కజొన్న చేను అంటున్నది?

ఏమ్స్ నుంచి షికాగో వెళ్లాలంటే అందరం ఐ-80 హైవే ఎక్కేస్తాం. ఈసారి 30వ నంబరు రోడ్డు పట్టుకోండి, గంటలో టామా అనే ఊరు వస్తుంది. అక్కడ 1915లో కట్టిన చిన్న వంతెన ఉంది. పిట్టగోడలో ఊచల బదులు కాంక్రీటు అక్షరాలే నిలబెట్టారు, 'లింకన్ హైవే' అని. నేను కారు పక్కన ఆపి ఒక్కో అక్షరం మీద చెయ్యి పెట్టి చూశాను, గరుగ్గా, ఎండకు కాలి ఉంది. అక్షరాల సందుల్లోంచి కింద వాగు కనిపిస్తుంది. అక్కడ కాసేపు నిలబడి, ఒక ఫోటో తీసి నాకు పంపండి. ఏమ్స్‌లో ఏముందో అప్పుడు మాట్లాడుకుందాం.